పటాల వెనక పూలు

పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో దేవుళ్లు గోడల మీద వంకర పోకుండా నిలబడ్డారంటే అది ఇమాంసాబ్ చేతి చలవే. శ్రీరామ పట్టాభిషేకం కానివ్వండి, వెంకటేశ్వరస్వామి కానివ్వండి, లేపాక్షి వీరభద్రుడు కానివ్వండి, ముందు బజారులో ఆయన అంగడి బల్ల మీద పడుకుని, అద్దం పెట్టించుకుని, చట్రం బిగించుకుని, వెనక అట్ట వేయించుకున్న తర్వాతే ఎవరి ఇంటికైనా వెళ్లి పూజలు అందుకోవాలి. ఈ మాట ఆయనే నవ్వుతూ అనేవాడు. దేవుళ్లతో పాటు పెళ్లి ఫోటోలూ, పోయినవాళ్ల ఫోటోలూ కట్టేవాడు. అద్దాలను గోనెపట్టాలో చుట్టి సైకిలు వెనక కట్టుకుని గతుకుల బాటల్లో ఊరూరా తిరిగేవాడు. ఒక్క అద్దం పగిలిందన్న మాట ఎవరూ ఎరగరు.

పోయినవాళ్ల ఫోటో అంటే చాలా ఇళ్లలో ఉండేది ఒక్కటే. అది పోతే ఆ మనిషి రెండోసారి పోయినట్టే. అలాంటిది ఇమాంసాబ్ చేతిలో పెట్టి, ఎప్పుడిస్తావని కూడా అడగకుండా వెళ్లిపోయేవాళ్లు జనం. నమ్మి మన దగ్గర పెట్టిన వస్తువును సాయిబులు అమానత్ అంటారు. ఇమాంసాబ్‌కు నమాజు ఒక పూట తప్పిందేమో గానీ అమానత్ ఏనాడూ తప్పలేదని ఊరంతా అనుకునేది. అలా అనుకుంటారని ఆయనకూ తెలుసు, తెలిసి లోలోపల కాస్త పొంగిపోయేవాడు కూడా.

వేరుశనగ చేలు వరసగా మూడో ఏడు ఎండిపోయిన అరవయ్యారులో, ఒక శనివారం పొద్దున, ఆ అంగడి ముందుకు ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. నెత్తిన తువ్వాలు, చంకలో ఖాళీ సంచీ, నుదుట విభూతి.

"ఏమప్పా సాయిబూ, బాగుండావా?" అన్నాడు.

ఇమాంసాబ్ తల ఎత్తి చూశాడు. చేతిలోని సుత్తి జారి బల్ల మీద పడింది. ఆ వచ్చినవాడు బసప్ప. నాలుగేళ్ల కిందట కొడగులో కాఫీ తోటల్లో జ్వరం వచ్చి చనిపోయాడని విన్న బసప్ప.

బసప్పది మడకశిర వైపు పల్లె. దొరల కాలంలో కొండ కింది బంగళాలో తోటమాలిగా ఉండేవాడు. ఆ బంగళా దొరసానికి పూల బొమ్మల పిచ్చి. ఆమె దగ్గర వందేళ్లు దాటిన పాత బొమ్మలుండేవి. రాగిరేకు మీద గీతలు చెక్కి, కాగితం మీద అచ్చు వేసి, ఆ గీతల మధ్య మనుషులే కూర్చుని కుంచెలతో ఒక్కో కాగితానికీ రంగు పూసినవి. అవి తోట పూలు కావు. గుట్టల మీద, చేల గట్ల మీద తమంతట తాము పూసేవే. నాభి, తంగేడు, తుమ్మి, ఉమ్మెత్త. మొగ్గ ఒకవైపు, విచ్చిన పువ్వు ఒకవైపు, కాయా గింజా అడుగున. కాగితం గుడ్డలా మందంగా ఉండేది, చుట్టూ రేకు నొక్కిన గుర్తు చేతికి తగిలేది. వానలు పడగానే దొరసాని బసప్పను గుట్టకు తరిమేది. అతడు తెచ్చిన పువ్వును బొమ్మ పక్కన పెట్టి, రంగు సరిగ్గా వేశారా లేదా అని చూసుకునేది. దేశం విడిచి వెళ్లేటప్పుడు ఆ బొమ్మలన్నీ బసప్ప చేతిలోనే పెట్టింది.

తర్వాత యాభై రెండు కరువు వచ్చింది. గంజి కేంద్రాల ముందు బారులు తీరిన రోజులవి. బసప్ప కొడగుకు కూలికి పోతూ పోతూ ఆ బొమ్మల కట్టను తెచ్చి ఇమాంసాబ్‌కు అప్పగించాడు. "నా గుడిసెలో పెడితే చెదలు తినేస్తాయప్పా. నీ కాడ ఉండనీ. వచ్చి తీసుకుంటా" అన్నాడు. ఇమాంసాబ్ ఆ కట్టను అటక మీద దాచి, ఏటా దించి దుమ్ము దులిపి, వేపాకు మార్చి మళ్లీ పెట్టేవాడు. పదేళ్లు అలాగే పెట్టాడు.

ఆ తర్వాత బసప్ప చనిపోయాడన్న కబురు వచ్చింది. అదే ఏడు బళ్లారి నుంచి రావాల్సిన అట్టలు నెలల తరబడి రాలేదు. కట్టాల్సిన పటాలు గుట్ట పడ్డాయి. రోజూ ఎవరో ఒకరు వచ్చి, ఏమన్నా మా దేవుడు ఇంకా కాలేదా అని అడుగుతున్నారు. ఒకరోజు ఇమాంసాబ్ అటక వైపు చూశాడు. అంత మందమైన కాగితం, వెనకంతా తెల్లగా ఖాళీ. భార్య అమీర్ బీ అప్పుడే గట్టిగా చెప్పింది.

"ముట్టుకోవద్దయ్యా. ఆయన సచ్చిపోయింటే ఆయన మనుషులెవరో ఉంటారు. నీది కానిది నీది కాదు."

"ఆయనకెవరుండారే, ఒంటిమనిషి" అన్నాడు ఇమాంసాబ్.

ఆ మాట అని అటక ఎక్కి కట్ట దించాడు. ఒక్కో బొమ్మా తీసి, ఒక్కో పటానికి అట్టగా వేసి, పైన బ్రౌను కాగితం అంటించి మేకులు కొట్టేశాడు. దేవుడి వెనక ఏముందో ఎవరు చూడొచ్చారు? అట్టలు బళ్లారి నుంచి దిగేసరికి కట్ట అయిపోయింది.

ఇప్పుడు చనిపోయినవాడు లేచి వచ్చి బల్లకు అవతల నిలబడ్డాడు.

"నా పూలిస్తే పోతా. బస్సుకు టైమైతాంది" అన్నాడు బసప్ప.

చెదలు తినేశాయన్నా, అనే మాట ఇమాంసాబ్ నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క అబద్ధం చాలు, ఆ పొద్దుకు గండం గడిచిపోతుంది. లోపలి గది గుమ్మంలో అమీర్ బీ నిలబడి చూస్తోంది. ఆయన జరిగింది జరిగినట్టు చెప్పాడు.

బసప్ప అరవలేదు. అంగడి మెట్టు మీద కూర్చున్నాడు. బజారు వైపు చూస్తూ అన్నాడు.

"నేను పోలీసు టేసనుకు పోను సాయిబూ. వచ్చే శుక్రవారం మీ మసీదు కాడికి వస్తా. నమాజు అయినంక నలుగుర్లో నిలబడి అడుగుతా. అప్పటికి నా పూలన్నీ నా చేతికి రావాల. ఒక్కటి తక్కువైనా అడుగుతా."

ఇమాంసాబ్‌కు అంతకన్నా జైలైనా నయమనిపించింది. మసీదు వాకిట్లో, ఒక పరాయి మనిషి, ఈయన నా అమానత్ తినేసినాడు అని అడిగితే ఇక మిగిలేదేముంది? రేపటి నుంచి ఏ తల్లి తన బిడ్డ ఫోటోను ఆయన చేతిలో పెడుతుంది? ముప్పై ఏళ్లు సంపాదించుకున్నదంతా ఆ ఒక్క మాటతో పోతుంది.

తాను కట్టిన పటం ఏ ఇంట్లో ఏ గోడకు ఉందో ఇమాంసాబ్‌కు కొట్టిన పిండి. అట్టల కరువులో కట్టినవైతే మరీను, తప్పు చేసిన చేయి మరిచిపోదు. మరునాడే అట్టముక్కలూ మేకులూ సుత్తీ సర్దుకుని సైకిలు బయటకు తీశాడు. బసప్ప వచ్చి ఏమీ అడగకుండా వెనక క్యారియరు మీద కూర్చున్నాడు.

"నేనూ వస్తా. ఏది నాదో ఏది కాదో నీకేం తెలుసు" అన్నాడు.

తన మీద నేరం మోపినవాణ్ణి తానే సైకిలు మీద ఎక్కించుకుని ఆ ఎండలో తొక్కుకుంటూ తిరగడం ఎవరికీ రాకూడని శిక్ష. ఎగువ వచ్చినప్పుడల్లా ఇమాంసాబ్ రొప్పుతుంటే బసప్ప దిగేవాడు కాదు.  సోమందేపల్లె దోవలో, అడక్కుండానే, బసప్ప వెనక నుంచి చెప్పాడు.

"అన్నేండ్లు కాఫీ చెట్లు తప్ప ఇంగోటి చూళ్లేదప్పా. మన పక్క పూలు చూడాలని వస్తి. వచ్చి గుట్టెక్కి చూస్తే నల్లటి రాళ్లే. ఒక్క పువ్వు లేదు. సరే, కాయితం మీదన్నా చూస్తామని నీ కాడికి వస్తి."

ఇమాంసాబ్ తొక్కుతూ పోయాడు.

పటం విప్పడమంటే కట్టినంత సులువు కాదు. దాన్ని బోర్లా పడుకోబెట్టి వెనక మేకులు లాగాలి. పూజలో ఉన్న దేవుణ్ణి బోర్లా పడుకోబెడితే ఊరుకునేదెవరు? సోమందేపల్లెలో ఒక అంగడి యజమాని ససేమిరా అన్నాడు. కడకు ఇమాంసాబే ఒక దారి కనిపెట్టాడు. ఇంటివాళ్లే దేవుణ్ణి రెండు చేతులా నిలువుగా పట్టుకుని ఎదురుగా నిలబడాలి, తాను వెనక చేరి మేకులు లాగాలి. సాయిబు వెనక నుంచి లక్ష్మీదేవిని విప్పుతుంటే ముందు నుంచి ఆ ఇంటావిడ కళ్లు మూసుకుని ఏదో గొణుక్కునేది. ఇంకో ఇంట్లో స్నానం చేసి వచ్చి ముట్టుకోమన్నారు. బావిలో తొంగిచూస్తే బురద కూడా లేదు. చివరికి వాళ్లే చెంబులోంచి నాలుగు చుక్కలు ఆయన నెత్తిన చల్లి, సరేలే కానీ అన్నారు.

బ్రౌను కాగితం చింపగానే పువ్వు బయటపడేది. రాముడి వెనక నాభి, ఎర్రటి రేకులు మంటలా పైకి లేచి ఉన్నాయి. లక్ష్మి వెనక తంగేడు. ఒక పెళ్లిజంట వెనక ఉమ్మెత్త, ఆ జంటకు చెప్పకుండా ఉండటమే మంచిదని ఇద్దరూ మాట్లాడుకోకుండానే అనుకున్నారు. బసప్ప ఒక్కోటీ అందుకుని, వెలుతురుకు పట్టి, పేరు చెప్పి, సంచిలో పెట్టుకునేవాడు. ఒక దానికి మాత్రం చట్రంలో పట్టక ఇమాంసాబ్ అంచు కోసి ఉన్నాడు. ఆ కోసిన అంచును బసప్ప బొటనవేలితో అటూ ఇటూ తడిమి చూశాడు.  ఆ తడమడం ఇమాంసాబ్‌ను తిట్టుకన్నా ఎక్కువ బాధపెట్టింది.

బుధవారం సాయంత్రానికి ఒక్కటే మిగిలింది.

"నీలం పువ్వు రాలేదు" అన్నాడు బసప్ప. "విష్ణుక్రాంతం. అన్నిట్లోకి చిన్నది. దొరసాని దాని రంగు చూసి ఇంత సరిగా ఎట్ల పూసినారో అని మురిసిపోయేది."

అది ఎక్కడుందో ఇమాంసాబ్‌కు మొదటి రోజు నుంచీ తెలుసు. ఆ గడప తొక్కే ధైర్యం లేక కావాలనే చివరికి పెట్టుకున్నాడు.

మడకశిర దోవలో, రోడ్డుకు దూరంగా, ముప్పై గడపల పల్లె ఒకటుంది. అందులో హనుమక్కది చివరి ఇల్లు. మొగుడు ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు, ఎర్రిస్వామి. బావిలో నీళ్లు అడుగంటితే ఇంకా లోతు తవ్వడానికి దిగాడు, పైనుంచి మట్టిపెళ్ల విరిగిపడింది. పెనుకొండ తిరునాళ్లలో సరదాగా తీయించుకున్న ఫోటో ఒక్కటే మిగిలింది, గీతల చొక్కా వేసుకుని కుర్చీలో బిగుసుకుని కూర్చున్నది. హనుమక్క ఆ ఫోటోను చీర చెంగులో చుట్టుకుని నడిచి పెనుకొండ వచ్చి ఇమాంసాబ్‌కు ఇచ్చింది.

గురువారం వాళ్లిద్దరూ వెళ్లేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. కరువు పనికి పోయి ఉంటుంది, రోడ్డుకు కంకర కొట్టేందుకు. గోడ నీడన కూర్చున్నారు. పొద్దు వాలుతుండగా హనుమక్క వచ్చింది, చేతులకు గుడ్డపేలికలు చుట్టుకుని, ఒళ్లంతా రాతిదుమ్ముతో.

"సాబన్నా, ఇంత ఎండన పడి వచ్చినావే. ఈ పెద్దాయనెవరు?" అంటూ తాళం తీసి, కుండలో ఉన్న నీళ్లలోంచి ఇద్దరికీ చెంబుతో ఇచ్చింది. కుండ తేలిగ్గా ఉందని ఇమాంసాబ్ గమనించాడు. ఒక గుక్క మాత్రం తాగి చెంబు పక్కన పెట్టి, సంగతంతా చెప్పాడు.

ఆమె విన్నది. విని కోప్పడలేదు. "అంతేనా? తియ్యన్నా. నీవు కట్టిందే కదా" అని, గోడ నుంచి పటాన్ని తానే దించింది. కొడుకును బోర్లా పడుకోబెట్టడం ఆమెకూ ఇష్టం లేదు. పటాన్ని రొమ్ముకు ఆనించి పట్టుకుని గుమ్మంలో వెలుతురుకు నిలబడింది. కొడుకు ముఖం ఆమె గుండెల మీద, పటం వీపు ఇమాంసాబ్ వైపు.

మేకులు వచ్చాయి. బ్రౌను కాగితం వచ్చింది. సన్నటి తీగ, చిన్న చిన్న ఆకులు, వాటి మధ్య ఆ నీలం. అన్నేళ్లు చీకట్లో ఉండబట్టి ఆ రంగు కాస్త కూడా వెలిసిపోలేదు. బసప్ప గబుక్కున ముందుకు వంగాడు.

ఇమాంసాబ్ అంచు పట్టుకుని మెల్లగా లాగాడు. రాలేదు. ఇంకో పక్క నుంచి లాగాడు. రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది. 

మిగతా పటాలకు ఊరికే వెనక పెట్టిన కాగితాన్ని దీనికి మాత్రం అంటించాడు. హనుమక్క చెంగులో చుట్టుకు తెచ్చిన ఫోటో చెమటకు నలిగి చుట్టలు పోయి ఉంటే, చదునుగా నిలబడాలని, మైదాపిండిలో మైలుతుత్తం కలిపి ఉడికించిన జిగురుతో, బొమ్మ వెనక తెల్లటి వైపు ఎర్రిస్వామిని గట్టిగా అంటించేశాడు. పురుగు పట్టకూడదని, ఎన్నేళ్లైనా ఊడకూడదని. ఇప్పుడు ఒకే కాగితానికి ఒక పక్క కొడుకు, ఒక పక్క పువ్వు.

"ఏమన్నా, రాలేదా?" అంది హనుమక్క.

"అంటిచ్చినానమ్మా" అన్నాడు ఇమాంసాబ్.  "నీళ్లలో నానేస్తే ఫోటో ఊడొస్తాది. పువ్వు మాత్రం కరిగిపోతాది, అది నీళ్ల రంగు. కత్తి పెట్టి చీలిస్తే పువ్వు దక్కొచ్చు. ఫోటో ఏమవుతాదో చెప్పలేను."

హనుమక్క పటాన్ని గుండెల మీద నుంచి దించలేదు. బసప్ప వైపు తిరిగింది.

"పెద్దాయనా, ఇది నీ సొత్తేనా?"

"నాదేనమ్మా."

"అయితే ఇన్నేండ్లు పరాయోళ్ల సొత్తు మీద నా కొడుకును కూచోబెట్టుకోనుండానా. నాకు తెలీదు నాయనా. తెలిసింటే పెట్టనిచ్చేదాన్ని కాదు." ఇమాంసాబ్ వైపు చూసి, "కత్తి పెట్టన్నా. ఆయనది ఆయనకిచ్చెయ్యి. నాకు వచ్చినకాడికి రానీ" అంది.

ఇమాంసాబ్ బసప్ప ముఖం చూశాడు. వద్దంటాడేమోనని. బసప్ప నీలం పువ్వునే చూస్తున్నాడు.

చట్రం తీసి, కాగితాన్ని గడప పక్కన అరుగు మీద పెట్టించి, సంచిలోంచి సన్నటి కత్తి తీశాడు. ఒక మూల నుంచి మొదలుపెట్టాడు. ఆ పాత కాగితం గుడ్డలా పొరలు పొరలుగా విడుతోంది. కత్తి లోపలికి జరుగుతోంది. ఎర్రిస్వామి కుర్చీ కాలు దాటింది. మోచేయి దాటింది. గీతల చొక్కా దగ్గరకు వచ్చేసరికి ఫోటో మీద టప్‌మని చిన్న చప్పుడై, భుజం మీదుగా సన్నటి తెల్లగీత లేచింది. 

ఇమాంసాబ్ చేయి ఆగింది. ఇంకొంచెం పోతే ముఖం. పువ్వు మాత్రం ఒక్క రేకు చెదరకుండా వస్తుంది, ఆ సంగతి చేతికి తెలుస్తోంది. రేపే శుక్రవారం. అన్నీ వచ్చాయి, ఇదొక్కటే తక్కువ. ఆమే కానివ్వమంది, రేపు ఎవరూ ఆయన్ను తప్పుపట్టరు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే ఆ క్షణాన ఇమాంసాబ్‌కు ఎర్రిస్వామి ముఖం కన్నా తన పేరే ఎక్కువనిపించింది. కత్తిని మళ్లీ నొక్కాడు.

"ఇది విష్ణుక్రాంతం కదా" అంది హనుమక్క.

ఆమె అంతదాకా పువ్వు వైపు చూడనే లేదు. విడిపోయిన మూల మడత పడి నీలం పైకి కనిపిస్తే ఇప్పుడే చూసింది. చూస్తూ చూస్తూ గడప మీద కూలబడింది.

"మూడేండ్లాయె వానికొక పువ్వు పెట్టి. గట్ల మీద గడ్డిపోచే లేదు, పువ్వు యాడ తెత్తును. రోజూ ఉత్త దీపం పెట్టి, నాయనా, ఏమనుకోవద్దురా అని చెప్పుకుంటాంటి. వాని ఈపుకే ఆనుకోని ఇదుండాదంట. నాకు తెలీకపాయె."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇమాంసాబ్ కత్తిని వెనక్కి లాగేశాడు. ఇక ఏమైనా కానీ, మసీదు కానీ ఊరు కానీ, ఈ చేత్తో మాత్రం కోయలేననుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆపప్పా" అన్నాడు బసప్ప అప్పుడే. "అంటిచ్చెయ్యి. ఎట్లుండిందో అట్ల అంటిచ్చెయ్యి."

"వద్దు పెద్దాయనా" అంది హనుమక్క ముఖం తుడుచుకుంటూ. "నీది నాకొద్దు. తీసుకపో."

బసప్ప ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, సచ్చిపోయినోని పటానికి పువ్వు తెచ్చినోణ్ణి వాకిట్లోంచి తిప్పి పంపుతారా ఎవరన్నా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"దొరసానికి సంచుల కొద్దీ తెచ్చిచ్చినా పూలు. మీవానికి ఒకటి తెచ్చినా. తీసుకో."

 హనుమక్క లేచి, కుండ వంచి, ఆ ఉన్న కాసిని నీళ్లతో రెండు చేతులూ కడుక్కుని వచ్చి దోసిలి పట్టింది. బసప్ప ఆ కాగితాన్ని ఆమె దోసిట్లో పెట్టాడు. ఆమె దాన్ని కళ్లకద్దుకుంది. అడిగితే పక్కింటివాళ్లు ఇంత గంజి ఇచ్చారు. ఇమాంసాబ్ విడిపోయిన మూలను దానితోనే అంటించి చట్రం బిగించాడు. భుజం మీది తెల్లగీత మాత్రం పోలేదు.

వచ్చేటప్పుడు బసప్ప సైకిలు ఎక్కలేదు. ఇమాంసాబ్ కూడా దిగి పక్కనే నడిచాడు. రోడ్డు దాకా వచ్చాక ఆగి, బసప్ప చేయి పట్టుకున్నాడు.

"మాఫ్ చెయ్యన్నా."

బసప్ప చేయి విడిపించుకున్నాడు. "పువ్వు ఆయమ్మకిచ్చినా. నీకిచ్చింది కాదు. రేపు శుక్రవారం కదా. వస్తా" అని, వచ్చిన బస్సుకు చేయి ఎత్తి ఎక్కి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చి ఇమాంసాబ్ అన్నం ముట్టలేదు. రేపు జుమ్మా నమాజుకు పోనని, ఒంట్లో బాగాలేదని అన్నాడు. అమీర్ బీ ఆయన ముందు చెంబు పెట్టి నిలబడింది.

"నేను ఆపొద్దే చెప్తి. ఇప్పుడు ఇంగేమీ అనను. రేపు ఉతికిన బట్టలేసుకోని పో. దాక్కుంటే మాత్రం నేనూరుకోను" అంది.

వెళ్లాడు. ఆ రోజు నమాజులో ఏం చదివాడో, ఎప్పుడు వంగాడో, ఎప్పుడు లేచాడో ఆయనకే తెలియదు. అయ్యాక అందరికన్నా వెనక బయటకు వచ్చాడు. మెట్ల కింద చెప్పుల పక్కన బసప్ప నిలబడి ఉన్నాడు, చంకలో సంచితో. మసీదు వ్యవహారాలు చూసే ముతవల్లి, బజారు అంగళ్లవాళ్లు, సన్నకారు సేద్యగాళ్లు, అందరూ ఆ కొత్తమనిషిని చూసి ఆగారు. ఇమాంసాబ్ మెట్టు మీదే నిలబడిపోయాడు. 

"నా పేరు బసప్ప" అన్నాడు ఆయన, గొంతు పెద్దది చేయకుండా. "ఈ ఇమాంసాబు కాడ యాభై రెండు కరువులో పూల బొమ్మలు పెట్టిపోతి. నన్నడక్కుండా వాడుకున్నాడు. నేను సచ్చిపోయినానని ఎవరో చెప్పినారంట. సచ్చిపోయినా గానీ వాడుకోవచ్చునా? మీరు పెద్దమనుషులు, మీరే చెప్పండి."

 ముతవల్లి ఇమాంసాబ్ వైపు చూశాడు. ఇమాంసాబ్ తల దించుకుని, "నిజమే. వాడుకున్నా. తప్పు నాదే" అన్నాడు. 

"నేను చెప్పింది ఇంగా అయిపోలేదు" అన్నాడు బసప్ప. "చెదలు తినేసినాయని చెప్పింటే నేను నమ్మి పోయింటి. చెప్పలేదు. నన్ను సైకిలెక్కిచ్చుకోని ఊరూరు తిప్పి అన్నీ తెచ్చిచ్చినాడు. ఒకటి తక్కువుండాది. అది నేనే ఒగరికిచ్చినా, ఈయన లెక్కలో రాయొద్దు. అడగాల్సింది అడిగినా. అయిపాయె."

అని, చంకలోని సంచి తీసి, మెట్లెక్కి ఇమాంసాబ్ ముందు పట్టుకున్నాడు.

"నాకు మళ్లీ కొడగులో పనుండాది. వచ్చేదాకా నీ కాడ ఉండనీ."

ఇమాంసాబ్ ఆ సంచి వంక చూశాడు, చుట్టూ ఉన్న జనం వంక చూశాడు. చేతులు లేవలేదు. కన్నీళ్లు గడ్డంలోకి కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"పట్టుకోప్పా" అన్నాడు బసప్ప. "నాకు బస్సుకు టైమైతాంది."

అంతమంది చూస్తుండగా ఇమాంసాబ్ చేతులు చాచడానికి చాలాసేపు పట్టింది.